మార్కెటింగు ఉద్యోగం: తీపెంత, చేదెంత?

"అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని సంబంధాల దగ్గర ఎవరైనా అడిగితే, ఖమ్మం వైపు ఒకప్పుడు నాలుగే జవాబులు ఉండేవి. బడిపంతులు, గుమాస్తా, సింగరేణిలో ఉద్యోగం. ఇవేవీ కాకుంటే సేద్యం. ఇప్పుడు అయిదో జవాబు ఒకటి బయలుదేరింది. "కంపెనీలో మార్కెటింగండీ." ఆ మాట విన్న పెళ్ళికూతురి తండ్రి తలైతే ఊపుతాడు గాని, మనసులో సందేహం మనసులోనే ఉంటుంది. ఏ కంపెనీ? మార్కెటింగంటే ఏమిటి? నెల తిరిగేసరికి జీతం వస్తుందా, లేక అమ్మినవాడికి అమ్మినంతా? ఇంతకూ ఇది కుదురైన కొలువేనా?

సందేహం పెళ్ళికూతురి తండ్రికే కాదు. డిగ్రీయో, యం.బి.యే.యో పూర్తిచేసి, దరఖాస్తు చేతబట్టుకుని నిలబడ్డ కుర్రవాడికీ అదే సందేహం. కంపెనీవారి ప్రకటన చూస్తే బంగారు భవిష్యత్తు కనబడుతుంది. ఆ ఉద్యోగం మానేసి వచ్చినవాడిని అడిగితే నరకం కనబడుతుంది. రెండూ పూర్తి అబద్ధాలు కావు. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఈ కొలువు ఎలా నడుస్తుందో చూస్తే, తీపీ చేదూ ఒకే చెట్టు కాయలని తెలుస్తుంది.

ఎవరీ మార్కెటింగు వారు?

పొద్దున్న ఎనిమిది గంటల వేళ కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా సారపాకకు వెళ్ళే రోడ్డు మీద నిలబడి చూడండి. భుజాన సంచీ, ఇస్త్రీ చొక్కా, తలకు హెల్మెట్టు, మోటారు సైకిలు హ్యాండిలుకు తగిలించిన అన్నం డబ్బా. వీరిలో ఒకరు మందుల కంపెనీ ప్రతినిధి. భద్రాచలంలో డాక్టర్లను కలవాలి. ఇంకొకరు విత్తనాల కంపెనీ మనిషి. దుమ్ముగూడెం, చర్ల వైపు మిర్చి తోటలు చూడాలి. మరొకరిది సబ్బులు, బిస్కట్లు, టీపొడి. ఒక్క రోజులో ముప్పయి, నలభై కొట్లు తిరగాలి. ఫోను కంపెనీలు, బీమా కంపెనీలు, ట్రాక్టర్ల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు, అందరి మనుషులూ ఈ రోడ్డు మీదనే.

అమ్మడం వేరు, మార్కెటింగు వేరు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఉన్న సరుకును ఎవరో ఒకరికి అంటగట్టడం అమ్మకం. ఎవరికి ఏం కావాలో ముందు తెలుసుకుని, ఆ సరుకు వారికి దొరికేటట్లు చేసి, దానికొక పేరు నిలబెట్టడం మార్కెటింగు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో చల్లని గదిలో కూర్చుని ఏ పొట్లానికి ఏ రంగు వెయ్యాలి, ఏ ధర పెట్టాలి, టెలివిజనులో ఏ తార చేత చెప్పించాలి అని ఆలోచించేవారిదీ మార్కెటింగే. ఆ పొట్లాన్ని చర్ల సంతలో కొట్టువాడి చేత కొనిపించేవాడిదీ మార్కెటింగే. చీటీ మీద పేరొకటే అయినా బతుకులు వేరు. మన వైపు పిల్లల్లో చాలామంది మొదట చేరేది రెండవ దానిలోనే గనుక, దాని సంగతే ఎక్కువగా చెప్పుకుందాం.

కంపెనీ అడవికి వచ్చిన దారి

ఈ ప్రాంతానికి పెద్ద వ్యాపారం ఆలస్యంగా వచ్చింది. 1965లో గోదావరి మీద వంతెన తెరిచేదాకా భద్రాచలం చేరాలంటే పడవే గతి. అడవిలో ఇప్పపువ్వు, తేనె, చింతపండు, తపసి బంక ఏరుకునే కోయవారికి బజారంటే వారం వారం జరిగే సంత. అక్కడ ఉప్పుకూ, బట్టకూ సరుకు మార్చుకునే వేళ తూకంలో ఎంత పోయేదో ఆ దేవుడికే ఎరుక. ఆ మోసాన్ని అరికట్టడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. అడవి సరుకు గిట్టుబాటు ధరకు కొనడం, నిత్యావసర వస్తువులు సరసమైన ధరకు అమ్మడం దాని పని. గిరిజనుడు తెచ్చిన తేనెను శుభ్రం చేసి, సీసాలో పోసి, పేరు పెట్టి పట్నంలో అమ్మింది కూడా ఆ సంస్థే. మార్కెటింగు అంటే కొనేవాడికి వల వెయ్యడమే అనుకునేవారు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవాలి. అమ్ముకునే దిక్కులేనివాడి సరుకుకు దిక్కు చూపడమూ మార్కెటింగే.

తరువాత సారపాకలో కాగితపు మిల్లు వచ్చింది. భద్రాచలం పేపర్ బోర్డ్స్ అనే పేరుతో 1975లో ఏర్పడిన కంపెనీ 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. 2002లో ఐ.టి.సి.లో కలిసిపోయింది. మరుసటి యేడు ఆ కంపెనీ క్లాస్‌మేట్ అనే పేరుతో నోటుపుస్తకాలు అమ్మడం మొదలుపెట్టింది. ఏ గుమాస్తా కొడుకో ఏ పేరు అచ్చువేసిందో చూడకుండా కొనుక్కునే తెల్లకాగితాల పుస్తకానికి కూడా ఒక పేరు నిలబెట్టి దేశమంతటా అమ్మవచ్చునని తేలిపోయింది.

ఈ మిల్లు విషయంలో మరొక విశేషం ఉన్నది. 1988లో వచ్చిన జాతీయ అటవీ విధానం, అడవి మీద ఆధారపడే పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును వీలైనంత వరకు రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలన్నది. అంటే కాగితం అమ్మేముందు, చెట్టు పెంచమని రైతుకు నచ్చచెప్పవలసి వచ్చింది. మంచి చెట్ల కొమ్మల నుంచి తీసిన జామాయిలు మొక్కలను "భద్రాచలం క్లోన్లు" అనే పేరుతో రైతులకు అమ్మారు. సుబాబుల్, సరుగుడు కూడా వచ్చాయి. ఖమ్మం జిల్లా మెట్ట చేలలో ఈనాడు కనబడే జామాయిలు తోటల వెనుక మొక్కల శాస్త్రమెంత ఉన్నదో, ఊరూరా తిరిగి రచ్చబండల మీద కూర్చుని మాట్లాడిన మనుషుల నోటి చలవ కూడా అంతే ఉన్నది.

తీపి సంగతులు

ముందు మంచి చెప్పుకుందాం. మొదటిది సంపాదన. జీతం, తిరిగినందుకు బత్తెం, పెట్రోలు ఖర్చు, అనుకున్న దానికంటే ఎక్కువ అమ్మితే పైన ప్రోత్సాహక బహుమానం. పల్లెటూరి డిగ్రీతో, సిఫారసు లేకుండా, ఇరవై మూడేళ్ళ వయసుకు ఇంత దారి తెరిచే ఉద్యోగాలు మన వైపు ఎక్కువ లేవు. పోటీపరీక్షలు రాస్తూ యేళ్ళు గడిపేవాడి పక్కన, మొదటి నెలలోనే తల్లి చేతిలో డబ్బు పెట్టగలిగినవాడు నిలబడితే ఆ తేడా తెలుస్తుంది.

రెండవది చదువు. ఇది కాలేజీలో దొరకని చదువు. ఏ ఊళ్ళో నల్లరేగడి, ఏ ఊళ్ళో ఎర్రచెలక. ఏ కొట్టువాడు మాట మీద నిలబడతాడు, ఏ కొట్టువాడు చెక్కు ఇచ్చి బ్యాంకులో డబ్బు ఉంచడు. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పామాయిలు రైతు చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుంది, చర్ల వైపు మిర్చి రైతుకు ఎప్పుడు ఆడుతుంది. ఇవన్నీ రెండేళ్ళు తిరిగినవాడికి అరచేతి గీతల్లాగా తెలుస్తాయి. అటు దుమ్ముగూడెం, వెంకటాపురం గ్రామాలకు వెళ్ళేవాడు నాలుగు కోయ మాటలు నేర్చుకుంటే, ఆ మాటలే వాడికి పెట్టుబడి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఈ ఉద్యోగాన్ని చూసే పుట్టిందేమో!

మూడవది స్వతంత్రం. కుర్చీకి అతుక్కుని, పై అధికారి కనుబొమల కేసి చూస్తూ కూర్చునే పని కాదు. పొద్దున్న ఏ దారిన పోవాలో తానే నిర్ణయించుకోవచ్చు. పని తెలిసినవాడికి ఎదుగుదలా తొందరగానే వస్తుంది. మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి ప్రాంతం, అక్కడి నుంచి పట్నంలోని పెద్ద ఆఫీసు. ఏనాడూ చేలో కాలు పెట్టని పట్నపు చదువరి కంటే, బురదలో బండి నెట్టినవాడి మాటకు ఆ ఆఫీసులో విలువ ఉంటుంది, ఉండాలి కూడా.

నాలుగవది లోకోపకారం. నవ్వకండి. ఈ మాట నిజం. మంచి విత్తనం వచ్చిందని, విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఉప్పూ పంచదారా కలిపిన పొట్లం ఉన్నదని, సూక్ష్మసేద్యం చేస్తే బోరు నీళ్ళు ఎక్కువ చేనుకు పారతాయని మారుమూల ఊరికి మొదట చెప్పినవాడు చాలాచోట్ల సర్కారు ఉద్యోగి కాదు, ఏదో ఒక కంపెనీ మనిషే. సబ్బుల కంపెనీ హిందుస్థాన్ లీవర్ 2000 ప్రాంతంలో నల్లగొండ జిల్లాలో మహిళా పొదుపు సంఘాల సభ్యుల చేత తన సరుకు అమ్మించే ప్రయత్నం మొదలుపెట్టింది. తరువాత దేశమంతటా పాకిన ఆ పథకం పుట్టింది తెలుగు పల్లెల్లోనే. కంపెనీకి కొత్త బజారు దొరికింది. గడప దాటని ఆడపడుచులకు కొంత రాబడి దొరికింది.

చేదు సంగతులు

ఇక రెండవ వైపు. ఈ ఉద్యోగానికి కాలెండరు వేరు. అందరికీ నెలాఖరు జీతం రోజైతే, వీరికి నెలాఖరు తీర్పు రోజు. "టార్గెట్టు" అనే మాట ఒకటి ఉన్నది. ఈ నెలలో ఇంత సరుకు పోవాలని పైవారు రాసి పంపే అంకె అది. వాన పడ్డా పడకపోయినా, ధర ఉన్నా లేకున్నా ఆ అంకె మారదు. పోయిన యేడు బాగా అమ్మినవాడికి ఈ యేడు ఆ అంకె మరింత పెరుగుతుంది. అంటే బాగా పరిగెత్తినవాడికి బహుమానం మరికొంత దూరం!

ఆ అంకె చేరనప్పుడు ఏం చేస్తారు? నెల చివరి రెండు రోజులలో డీలరు దగ్గరకు వెళ్ళి, "అన్నా, ఈ ఒక్కసారికి సరుకు దించుకో, వచ్చే నెల చూసుకుందాం" అని బతిమాలుతారు. సరుకు కంపెనీ గోదాము నుంచి డీలరు గోదాములోకి మారుతుంది. లెక్కలో అది అమ్మకం. నిజానికి ఇంకా ఎవరూ కొనలేదు. వచ్చే నెల ఆ డీలరు కొత్త సరుకు తీసుకోడు. అప్పుడు టార్గెట్టు మరింత బరువవుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

తరువాత వసూళ్ళు. మన వైపు వ్యవసాయపు సరుకంతా ఉద్దెర మీదనే నడుస్తుంది. రైతు మృగశిర కార్తెలో విత్తనం ఉద్దెరకు తెచ్చుకుంటాడు. డీలరు కంపెనీ దగ్గర అరువు పెడతాడు. పంట చేతికొచ్చి, ఖమ్మం మార్కెట్టులో అమ్ముడైతే, ఆ డబ్బు మెట్టుమెట్టుగా తిరిగి పైకి ఎక్కాలి. మధ్యలో ఒక మెట్టు విరిగితే అందరూ వేలు చూపేది మోటారు సైకిలు మనిషి వైపే. 2017 ఏప్రిల్ 28న మిర్చి ధర కూలిపోయి, కడుపు మండిన రైతులు ఖమ్మం మార్కెట్టు కార్యాలయం మీద పడిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బస్తాకు కూలి ఖర్చైనా రాని ఆ రోజులలో పాత బాకీలు అడగడానికి ఊళ్ళోకి వెళ్ళవలసిన కుర్రవాళ్ళ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోండి.

వసూళ్ళ ఉద్యోగి కష్టం ఈ నేలకు కొత్తది కాదు లెండి. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, పై కచేరీకి లెక్క చూపలేక గోలకొండ చెరసాలలో పడ్డాడు. ఆయన బాకీ తీర్చడానికి రామలక్ష్మణులే తానీషా దగ్గరకు వచ్చి మొహరీలు పోశారని భక్తులు చెప్పుకునే కథ. నేటి కంపెనీ ఉద్యోగికి ఆ సదుపాయం లేదు. లెక్క తేడా వస్తే జీతంలో కోతే.

అడవి దారుల సంగతి వేరే చెప్పాలి. ఖమ్మం నుంచి భద్రాచలానికే సుమారు 120 కిలోమీటర్లు. ఆ పైన చర్ల, వెంకటాపురం. వానాకాలంలో, అంటే విత్తనాలూ ఎరువులూ పురుగుమందులూ ఎక్కువగా అమ్ముడయ్యే కాలంలోనే, వాగులు పొంగుతాయి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నది 71 అడుగులు దాటింది. అప్పుడు ఊళ్ళే నీళ్ళలో ఉన్నాయి, టార్గెట్టు ఎక్కడుంటుంది? పైగా ఇప్పుడు జేబులోని ఫోను, మనిషి ఏ గంటకు ఎక్కడున్నాడో పై ఆఫీసుకు చెబుతూ ఉంటుంది. సిగ్నలు అందని అడవిలో తిరిగినవాడు ఆ లెక్కలో ఇంట్లో పడుకున్నవాడితో సమానం!

సరిహద్దు చిక్కు మరొకటి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఊరు దాటగానే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. కూనవరం, చింతూరు, వి.ఆర్. పురం, కుక్కునూరు, వేలేరుపాడు కూడా అటే వెళ్ళాయి. సరుకు కొనే రైతుకు బజారు మాత్రం భద్రాచలమే. పటం మీద గీసిన గీత ఒకటి, ఎడ్లబండి నడిచే దారి మరొకటి. ఒక రాష్ట్రపు లైసెన్సుతో ఇంకొక రాష్ట్రపు రైతుకు అమ్మితే ఎవరి లెక్కలో రాయాలి, అక్కడ పంట పోతే ఏ అధికారి రావాలి అన్న ప్రశ్నలకు జవాబు వెతుక్కోవలసింది కూడా ఈ మనిషే.

అసలైన బరువు

ఇవన్నీ ఒళ్ళు అలిసే కష్టాలు. వీటికి రెండు రోజుల సెలవు మందు. సెలవుతో తీరని కష్టం ఇంకొకటి ఉన్నది. దానిని చెప్పకుండా ఈ ఉద్యోగపు లెక్క పూర్తికాదు.

సబ్బు అమ్మినవాడి సంగతి చూడండి. నురుగు వచ్చిందో లేదో ఆ సాయంత్రమే తెలిసిపోతుంది. నచ్చకపోతే ఇల్లాలు మరొకసారి కొనదు. నష్టం కొద్ది రూపాయలు. విత్తనం అమ్మినవాడి సంగతి అలా కాదు. జూన్‌లో అమ్మిన పాకెట్టు మంచిదో చెడ్డదో కాయ పట్టేదాకా తెలియదు. అప్పటికి ఎరువు, కూలి, కౌలు అన్నీ చేలో పడిపోయాయి. జామాయిలు మొక్క సంగతి మరీ దూరం. మొదటి నరుకుడుకు సుమారు నాలుగేళ్ళు. ఆనాడు కర్రకు ఏ ధర ఉంటుందో మొక్క అమ్మిన నాడు ఎవరు చెప్పగలరు? ఇంతలో ఆ మాట చెప్పిన మనిషికి మూడు బదిలీలు అయిపోయి ఉంటాయి.

సరుకు అమ్మిన రోజుకూ, ఫలితం తెలిసే రోజుకూ మధ్య ఎంత దూరముంటే, ఈ ఉద్యోగం మనస్సాక్షికి అంత బరువు. కంపెనీ టార్గెట్టు మొదటి రోజుతోనే ముగుస్తుంది. రైతు కథ రెండవ రోజుతో గాని మొదలుకాదు.

పత్తి విత్తనం చూడండి. బి.టి. పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ధర విషయమై పోరాడి, 450 గ్రాముల పాకెట్టు 750 రూపాయలకు మించకూడదని కట్టడి చేసింది. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ధర కట్టడి చేసే ఉత్తర్వు తెచ్చింది. రైతుకు అది మేలే. కాని పేర్లు వేరు, వంగడాలు వేరు అయినా, పాకెట్ల మీద ధర ఒక్కటే, లోపలి బి.టి. గుణమూ ఒక్కటే అయినప్పుడు పోటీ దేనిలో? అమ్మే మనిషిలో! ఎవరి మాట నమ్మదగినదో, ఎవరు చేనుకు వచ్చి చూస్తారో, ఎవరు పేరు పెట్టి పిలుస్తారో, వారి పాకెట్టు పోతుంది. కంపెనీ కొనుక్కున్నది వాడి కాళ్ళ బలాన్ని కాదు, ఊళ్ళో వాడికున్న పరపతిని.

పంట బాగా వస్తే రైతు ఆ మనిషికి చేలో దోసకాయ కోసి ఇస్తాడు. ఆ గౌరవానికి ఏ బహుమానమూ సాటిరాదు. పంట పోతేనో? "నువ్వు చెబితేనే గద సారూ ఏసింది!" ఆ ఒక్క వాక్యానికి కంపెనీ నియమావళిలో జవాబు ఉండదు. 2016లో ఖమ్మం జిల్లాలో నకిలీ మిర్చి విత్తనాలతో నష్టపోయిన రైతులు రోడ్డెక్కినప్పుడు, తప్పు చేసినవారి సంగతి అటుంచి, నిజాయితీగా మంచి విత్తనం అమ్మేవారు కూడా కొంతకాలం ఊళ్ళలోకి వెళ్ళడానికి జంకే పరిస్థితి వస్తుంది. పరపతి పోవడానికి స్వయంగా తప్పు చెయ్యనక్కరలేదు; తప్పు చేసినవాడి పక్కన అదే రంగు చొక్కా తొడుక్కుంటే చాలు.

పురుగుమందు డబ్బాల మీద రంగు ముక్కోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. 1971 నాటి నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా ఇది ఉండి తీరాలి. చదువు రాని రైతు కోసమే రంగులు పెట్టారు. కాని ఆ రంగుకు అర్థం విప్పి చెప్పేవాడు ఉండాలి గదా! చెబితే అమ్మకం తగ్గుతుందేమో అన్న భయం ఒక వైపు, చెప్పకపోతే చేలో ఎవరైనా పడిపోతారేమో అన్న భయం ఇంకొక వైపు. మందుల ప్రతినిధి విషయంలోనూ ఇంతే. డాక్టర్లు కంపెనీల దగ్గర బహుమతులు, విహారయాత్రలు తీసుకోరాదని వైద్యమండలి 2009లో నిబంధన పెట్టింది. కంపెనీలు ఇవ్వరాదని 2024లో కేంద్ర ప్రభుత్వం నియమావళి ప్రకటించింది. నిబంధన పుట్టిందంటే, అంతకు ముందు ఏదో నడిచిందనే అర్థం. ఆ సంచీ మోసింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

కంపెనీ ఇటువంటి సమయంలో అండగా నిలిస్తే సరే. నిలవకపోతే ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! కంపెనీ పేరు మార్చుకుని మరొక డబ్బాలో రాగలదు. మనిషి తన ముఖం మార్చుకోలేడు.

పెద్ద ఆఫీసులో సుఖమా?

పై మెట్టు ఎక్కి పట్నం ఆఫీసు చేరితే ఈ బాధలు తీరుతాయా అంటే, కొన్ని తీరుతాయి, కొన్ని పుడతాయి. ఎండా వానా ఉండవు. జీతం ఎక్కువ. ఒక పేరు పుట్టించి, దానిని ఇంటింటా పలికేటట్లు చేయడంలో కళాకారుడికి ఉండే తృప్తి కూడా ఉంటుంది. కాని అక్కడ మనుషులు కనబడరు, అంకెలు కనబడతాయి. ఎడతెగని సమావేశాలు, రంగు రంగుల పటాలు. అమ్మకాలు పెరిగితే సరుకు గొప్ప అంటారు, తగ్గితే ప్రకటన బాగాలేదంటారు. వ్యాపారం మందగిస్తే ముందుగా కోత పడేది ప్రకటనల ఖర్చు మీద, ఆ వెంటనే ఆ శాఖ ఉద్యోగుల మీద. అడవి దారిలో నడుమునొప్పి వస్తే, ఆఫీసు గదిలో నిద్ర పోతుంది. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం తప్పదన్నట్లు, టార్గెట్టు అక్కడా తప్పదు.

చట్టం ఏమంటుంది?

తిరిగే ఉద్యోగులకు చట్టం అసలే లేదనుకోకండి. 1976లో సేల్సు ప్రమోషను ఉద్యోగుల చట్టం వచ్చింది. మొదట మందుల కంపెనీల వారికోసం చేసిన ఈ చట్టాన్ని తరువాత మరికొన్ని పరిశ్రమలకు విస్తరించారు. నియామక పత్రం విధిగా ఇవ్వాలని, పనిచేసిన కాలంలో పదకొండో వంతుకు తగ్గకుండా పూర్తి జీతంతో సెలవు ఉండాలని, జబ్బు చేస్తే పద్దెనిమిదో వంతు కాలం సగం జీతంతో సెలవు ఉండాలని అది చెప్పింది. 2020లో చేసిన కార్మిక కోడ్‌లలో దీనిని కలిపివేశారు. చట్టం ఉన్నా, చేతికి కాగితం లేనివాడికి అది అందదు. మన ప్రాంతంలో ఎందరో కుర్రవాళ్ళు కంపెనీ పేరున్న చొక్కా తొడుక్కుని తిరుగుతారు. నియామకం మాత్రం మధ్యలో ఉన్న మరొక గుత్త సంస్థ పేర ఉంటుంది. చొక్కా మీది పేరూ, జీతపు చీటీ మీది పేరూ ఒకటేనా అన్నది మొదట చూసుకోవలసిన సంగతి.

చేరేముందు అయిదు ప్రశ్నలు

దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ కుర్రవాడికి సలహా ఏమిటి? చేరవద్దని చెప్పడం సులభం. చెప్పేవాడి ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉంటుంది. చేరమని చెప్పడమూ సులభమే. తిరగవలసింది ఇంకొకడు గదా! అందుచేత సలహా మాని, అడగవలసిన ప్రశ్నలు చెప్పడం మంచిది.

ఒకటి: సరుకు మంచిదో చెడ్డదో ఎన్నాళ్ళకు తెలుస్తుంది? ఆ రోజుకు నేను ఇదే ప్రాంతంలో ఉంటానా?

రెండు: జీతంలో స్థిరమైన భాగమెంత, అమ్మకాన్ని బట్టి వచ్చేదెంత? స్థిరమైన దానితో ఇల్లు గడవకపోతే, నెలాఖరున నోట అబద్ధం రాక తప్పదు.

మూడు: టార్గెట్టు ఎవరు నిర్ణయిస్తారు? వరద వచ్చిన నెలలో, ధర పడిపోయిన నెలలో దానిని తగ్గించే ఆచారం ఉన్నదా? పాత ఉద్యోగిని అడిగితే నిజం తెలుస్తుంది.

నాలుగు: వసూలు కాని బాకీ ఎవరి నెత్తిన పడుతుంది?

అయిదు: ఫిర్యాదు వస్తే రైతు దగ్గరకు నాతో కలిసి వచ్చే పై అధికారి ఎవరు? ఆయన పేరు, ఫోను నంబరు ముందుగానే తెలుసునా? ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగల కంపెనీలో చేరితే, మిగతా నాలుగు కష్టాలనూ ఓర్చుకోవచ్చు.

చేరిన తరువాత పాటించవలసింది ఒక్కటే. మీ ఇంటి చేలో వెయ్యని విత్తనం, మీ ఇంటి బిడ్డకు పట్టించని మందు ఎదుటివాడికి అమ్మవద్దు. దీనివలన కొన్ని నెలల టార్గెట్టు పోవచ్చు. అయినా ఊళ్ళో పరపతి నిలిచి ఉన్నవాడికి ఈ కంపెనీ కాకపోతే ఇంకొక కంపెనీ పిలిచి ఉద్యోగమిస్తుంది. పదేళ్ళు తిరిగి, ఆ పరపతితోనే సొంత కొట్టు పెట్టుకుని, అదే రైతులకు పెద్దదిక్కుగా నిలిచినవారు మన పట్టణాలలో వీధికొకరు కనబడతారు. పరపతి అమ్ముకున్నవాడికి ఆ కొట్టు ముందు నుంచి తలెత్తుకుని నడవడం కూడా కష్టమే.

అందుచేత పెళ్ళికూతురి తండ్రులకు ఒక మనవి. "కంపెనీలో మార్కెటింగండీ" అన్న జవాబు వచ్చినప్పుడు, "జీతమెంత?" అని వెంటనే అడగకండి. "అబ్బాయి పోయిన యేడు సరుకు అమ్మిన ఊరికి ఈ యేడు మళ్ళీ వెళ్ళాడా? వెళితే మంచినీళ్ళిచ్చారా?" అని విచారించండి. ఇచ్చారని తెలిస్తే, ముహూర్తం పెట్టించుకోవచ్చు.